మామయ్య పైజామాలో పెళ్ళి స్కీలు

తెలెమార్క్, ఫిబ్రవరి నెల

చిరంజీవి ఇంగున్‌కు హల్వర్ మామయ్య దీవెనలు.

నేనూ, మేకలూ, వంటింటి పొయ్యీ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ, నీ కాబోయే మొగుడూ కూడా అలాగే ఉంటారని తలుస్తాను.

నీ పెళ్ళి స్కీలు తయారైపోయాయి. మన కొండ మీద నేనే కొట్టి తెచ్చిన బర్చ్ చెక్క. ముక్కుల్ని ఆవిరి పట్టి వంచాను. అడుగున పైన్ తారు కాచి పట్టించాను. ఇల్లంతా తారు వాసనే. మేకలు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాయి. మీ అత్తారింట్లో ఈస్టర్ పెళ్ళికి పెళ్ళికూతురు మంచు మీద స్కీలతోనే చర్చికి రావాలన్నారట కదా. మా ఊరి చెక్క మీద నిలబడి నువ్వు జారుకుంటూ వస్తుంటే ఆ ట్రోమ్సో వాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూడాలి. ఈ ముసలాడికి ఇంకేం కావాలి!

నన్ను రమ్మని రాశావు. రాలేను తల్లీ. సరిగ్గా మేకలు ఈనే రోజులు. పక్కింటి గున్‌హిల్డ్ తన చెల్లెల్ని చూడడానికి ఆ వారమే విమానమెక్కి మీ ఊరు వస్తోంది. స్కీలు ఆవిడతో పంపిస్తాను. గోనెగుడ్డలో చుట్టి రెండు తాళ్ళు బిగిస్తే సరి.

ఇట్లు,
నీ మామయ్య హల్వర్

తాజాకలం: నీ పాత కొలతతోనే చేశాను. పెళ్ళి కుదిరిన సంతోషంలో నువ్వు మళ్ళీ పొడుగు పెరిగి ఉంటే ఆ పూచీ నాది కాదు.

*

ట్రోమ్సో

మేకల చాటున దాక్కునే మా మామయ్యకు, ఇంగున్ గట్టిగా కౌగిలించుకుని రాయునది.

స్కీలు అయ్యాయని చదివి ఎగిరి గంతేశాను. గోనెగుడ్డ అన్న మాట చదివి గుండె జారిపోయింది. మామయ్యా, అది బస్సు కాదు, విమానం. పోయినేడాది నా స్నేహితురాలి స్కీలు వెళ్ళేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు నాలుగు ముక్కలు!

చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ముందు స్కీల తడి పూర్తిగా ఆరనివ్వు. అడుగులు రెండూ ఎదురెదురుగా పెట్టి, ముక్కు దగ్గరా తోక దగ్గరా నడుము దగ్గరా గట్టిగా కట్టు. ముక్కులకి మేజోళ్ళు తొడుగు. కాలు బిగించే ఇనుప బద్దీలకి గుడ్డ చుట్టు, లేకపోతే దెబ్బ తగిలి వంగిపోతాయి. అన్నీ గట్టి పెట్టెలో పెట్టి, ఖాళీల్లో మెత్తటి బట్టలు కుక్కు. లోపల కదలకూడదు, అదీ అసలు కిటుకు. ఇవన్నీ మా పెళ్ళికొడుకు మిక్కెల్ చెప్పాడు. వాడు పనిచేసేది విమానాశ్రయంలోనే కాబట్టి వాడికి తెలుసు.

ఇక మేకల సంగతి. నువ్వు రాకపోతే చర్చిలో నా పక్కన ఎవరు నడుస్తారు? నాన్న ఉంటే నాన్న నడిచేవాడు. నాన్న పోయాక నాకు మంచు మీద నిలబడడం నేర్పింది నువ్వే. మళ్ళీ ఆలోచించు మామయ్యా.

నీ ఇంగున్

తాజాకలం: పొడుగు పెరగలేదు. వెడల్పు సంగతి స్కీలకి సంబంధం లేదు కాబట్టి రాయను.

*

తెలెమార్క్

చిరంజీవి ఇంగున్‌కు మామయ్య దీవెనలు, ఈసారి కాస్త కోపంతో.

నడుము దగ్గర గట్టిగా కట్టాలా! ఎవరి చేతుల్లో పెరిగావే నువ్వు? స్కీకి ప్రాణమంతా నడుము వంపులో ఉంటుంది. అడుగులు ఎదురెదురుగా పెట్టినప్పుడు మధ్యలో బెత్తెడు సందు ఉండాలి. అక్కడ తాడు బిగిస్తే వంపు చచ్చిపోతుంది. ఆ తర్వాత వాటిని బీరువాలో అరలుగా వాడుకోవచ్చు. మీ తాత ఏం చేసేవాడు? మధ్యలో చెక్క దిమ్మ పెట్టి, రెండు కొసలూ కట్టేవాడు. నేనూ అదే చేశాను. మీ మిక్కెల్‌కి ఈ సంగతి చెప్పు, నేర్చుకుంటాడు.

మెత్తటి బట్టలన్నావు. నా దగ్గర ఉన్నవాటిలో మెత్తనిది నా చలికాలపు ఉన్ని పైజామా. ఒక్కో కాలులో ఒక్కో స్కీ దూర్చాను. కొలిచి కుట్టినట్టు సరిపోయింది! చీలమండ దగ్గర ముక్కులు బయటికొస్తే వాటికి మేజోళ్ళు తొడిగాను. దూరం నుంచి చూస్తే ఎవరో బక్కపలచటాయన పడుకున్నట్టుంది. పైన్ చెక్కతో పెట్టె కూడా చేశాను. నలుగురు ఎక్కి నాట్యమాడినా విరగదు.

మిక్కెల్ విమానాశ్రయంలో పని అన్నావు. విమానం నడిపేవాడు మన ఇంటివాడవుతుంటే ఇంక దిగులేముంది? పెట్టెను తన కుర్చీ పక్కనే పెట్టుకోమను. ఆ సామాన్లు విసిరే దున్నపోతుల చేతికి మాత్రం ఇవ్వొద్దను. వాళ్ళ చేతులకి పగ్గం వెయ్యాలి!

మేకలు ఇంకా ఈనలేదు. కాబట్టి నా జవాబు కూడా మారలేదు.

నీ మామయ్య

తాజాకలం: గున్‌హిల్డ్ వచ్చి చూసింది. "మొగుడు బతికున్నప్పుడు వాడి పైజామానే నేను ముట్టుకోలేదు. ఇప్పుడు నీది పట్టుకుని ఊళ్ళు తిరగమంటావా హల్వర్?" అని వెళ్ళిపోయింది. సర్దిచెబుతాను.

*

ట్రోమ్సో

మామయ్యకు ఇంగున్ రాయునది.

దిమ్మ సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను. చిన్నప్పుడు ఆ దిమ్మ మీద కూర్చునే అన్నం తిన్నాను, ఎలా మరిచిపోయానో!

కానీ మామయ్యా, మిక్కెల్ విమానం నడపడు. విమానంలోకి సామాన్లు ఎక్కించి దించుతాడు. నువ్వు పగ్గం వెయ్యమన్నవి వాడి చేతులే. నీ ఉత్తరం నేను వాడికి పైకి చదివి వినిపిస్తున్నాను. ఆ మాట దగ్గరికొచ్చాక ఆపడం కుదరలేదు. వాడు లేచి కాఫీ పెట్టుకున్నాడు. అంతకుముందే ఒక కప్పు కాఫీ వాడి ముందు ఉంది.

నీకు తెలుసా, ఆ జాగ్రత్తలన్నీ వాడు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి నిద్ర మానుకుని చెప్పినవే. "మీ మామయ్య చేతిపని పాడవకూడదు" అన్నాడు.

పెట్టె బరువు కూడా చాలా ఎక్కువట. పనికిరానిదేదైనా తీసెయ్యమన్నాడు. ఇంకో మాట. మా అత్తగారు పెళ్ళి బల్ల మీదికి మన మేకపాల గోధుమరంగు చీజ్ కావాలని ముచ్చటపడుతున్నారు. బరువు కుదిరితేనే పంపు.

ఇంగున్

తాజాకలం: నువ్వు రాసిన "బక్కపలచటాయన" మాట చదివి మా అత్తగారు భయపడ్డారు. నీకు ఒంట్లో బాగుందా అని అడగమన్నారు.

*

తెలెమార్క్

చిరంజీవి ఇంగున్‌కూ, ముఖ్యంగా చిరంజీవి మిక్కెల్‌కూ దీవెనలు.

బాబూ మిక్కెల్, నేను తిట్టింది ఓస్లోలో ఉండే దున్నపోతుల్ని. ట్రోమ్సో వాళ్ళని ఒక్కమాట అనలేదు. ఉత్తరంలో ఊరి పేరు రాయడం మర్చిపోయాను, అంతే. అయినా నీకు మనసులో ఏదైనా ఉంటే నేరుగా నాకు రాయి. రాసేటప్పుడు స్కీ పెట్టెను ఎక్కడ పట్టుకుని ఎత్తుతావో కూడా రాయి. కొసల దగ్గరా, మధ్యలోనా? పరీక్ష అనుకోకు. ఊరికే తెలుసుకుందామని.

ఇంగున్, బరువు సంగతి తేల్చేశాను. నా బుర్ర చూసి నేనే ముచ్చటపడ్డాను. పనికిరానిది తీసెయ్యమన్నావు. చీజ్ పంపమన్నావు. అటకమీద గట్టిపడిన చీజ్ దిమ్మ ఒకటుంది, ఇటుకంత. చెక్క దిమ్మ తీసేసి దాన్ని స్కీల నడుం మధ్యన పెట్టాను. సరిగ్గా బెత్తెడు! వంపు నిలబడింది, మీ అత్తగారి ముచ్చటా తీరుతుంది. దానికీ నా మేజోడే తొడిగాను. ఉతికిందేలే.

పెళ్ళిలో నాకు బదులు నా చీజ్ ఉంటుంది. దాన్ని చూసి నన్ను చూసినట్టే అనుకో.

మామయ్య

తాజాకలం: గున్‌హిల్డ్ ఇంకా అలకలోనే ఉంది. పైజామాకి పైన పువ్వుల దుప్పటి చుడతానన్నాను. "అప్పుడు పైజామా వేసుకున్న ముసలావిడలా ఉంటుంది" అంది.

*

ట్రోమ్సో

మామయ్యకు,

చీజ్‌ని చూసి నిన్ను చూసినట్టు అనుకోలేను.

మేకలు ఈనడం ఏటా ఉంది. గున్‌హిల్డ్‌కి నీకంటే బాగా పురుడు పొయ్యడం వచ్చు. అసలు సంగతి మేకలు కాదు. నీకు విమానమంటే భయం. కొండ అంచు నుంచి స్కీల మీద నవ్వుతూ కిందికి దూకే మనిషివి, ఆ మాట చెప్పడానికి నీకు నామోషీ.

స్కీలు కూడా పంపకు. గున్‌హిల్డ్‌ని బతిమాలకు. ఇక్కడ అద్దెకి దొరుకుతాయి. ప్లాస్టిక్‌వి. మిక్కెల్ వాళ్ళ బాబాయికి ఆ దుకాణమే ఉంది. చర్చిలో నా పక్కన ఎవరూ లేరని తెలిసి ఆయనే నడుస్తానంటున్నాడు. మంచివాడే. పాస్టర్‌కి పేరు చెప్పాలి. ఈస్టర్‌కి ముందు ఆదివారం దాకా ఆగుతాను.

నాకు చాలా బాధగా ఉంది మామయ్యా.

ఇంగున్

తాజాకలం: పెట్టెను రెండు కొసల దగ్గరా ఇద్దరు పట్టుకోవాలని మిక్కెల్ చెప్పమన్నాడు. ఒక్కడే ఉంటే రెండు చేతుల మీదా అడ్డంగా మోస్తాడట. వాడికి నీ మీద కోపం లేదు. నాకుంది.

*

చిరంజీవి ఇంగున్‌కు మామయ్య రాయునది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఎందుకో తర్వాత చెబుతాను.

ప్లాస్టిక్! ఆ మాట చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. నా మేనకోడలు, మా అక్క కూతురు, అద్దె ప్లాస్టిక్ మీద చర్చికి వెళ్ళడమా? పైగా అవి అద్దెకిచ్చేవాడి చెయ్యి పట్టుకునా? పెట్టె బండి ఎక్కించాను. కళ్ళెదుట ఉంటే మంచిదని దాంతోపాటు ఓస్లో విమానాశ్రయం దాకా వెళ్ళాను.

అక్కడ సామాన్లు తనిఖీ చేసే యంత్రం ఒకటుంది. మన పెట్టె లోపలికెళ్ళగానే అందరి మొహాలూ మారిపోయాయి. ఒకమ్మాయి వచ్చి పెట్టె తెరిపించింది.

"ఇదేంటి పెద్దాయనా?"

"పైజామా."

"అది కనబడుతూనే ఉంది. లోపల?"

"పెళ్ళికూతురి స్కీలు."

"మధ్యలో మేజోడు తొడుక్కున్న ఆ ఇటుక?"

"చీజ్."

నమ్మలేదు. యంత్రంలో అది పేలే సరుకులా కనబడుతోందట. నా మేకలు వింటే ఏమనుకుంటాయి! ఆ అమ్మాయి ఇంకొకర్ని పిలిచింది, ఆయన పోలీసుల్ని పిలిచాడు. చివరికి ఒకాయన దాన్ని పల్చగా ఒక రేకు గీసి నోట్లో వేసుకున్నాడు. అందరం ఊపిరి బిగబట్టాం. ఆయన కళ్ళు మూసుకుని "ఇంకోసారి చూస్తేగానీ చెప్పలేను" అన్నాడు. రెండో ఆయన "ఇది నా బాధ్యత కూడా" అంటూ ఇంకో రేకు గీశాడు. ఈ చీజ్‌కి పేరుపడ్డ గుడ్‌బ్రాండ్స్‌డాల్ నుంచి వచ్చిన పోలీసొకడు "మా ఊరిది దీనికన్నా తియ్యగా ఉంటుంది" అన్నాడు. నేను ఊరుకుంటానా? పోలిక తేలాలని వాడికి నేనే మూడు రేకులు గీసి పెట్టాను. మొత్తానికి అది చీజేనని ప్రభుత్వం ఒప్పుకునేసరికి దిమ్మ అరచేతి మందం అయింది. స్కీల మధ్య వదులుగా ఊగుతోంది.

వంపు పోతుంది! విమానానికి వేళవుతోంది. చుట్టూ చూస్తే దిమ్మలాంటిది ఒక్కటీ లేదు. అప్పుడు నా సంచిలోంచి పాలిష్ చేసిన నల్ల పెళ్ళి బూటు ఒకటి తీసి నడుము మధ్యన నిలబెట్టాను. బెత్తెడు! పోలీసులే కొసలు కట్టి పెట్టారు.

పెట్టెతో ఓస్లో దాకా వెళ్ళినవాడి సంచిలో పెళ్ళి బూట్లెందుకున్నాయని అడుగుతావు. గున్‌హిల్డ్ ఇప్పుడు మన మేకల కొట్టంలో ఉందే తల్లీ. "నీ పైజామా మొయ్యడం కన్నా నీ మేకలకి పురుడు పొయ్యడం నయం. చెల్లెల్ని వేసవిలో చూస్తా. వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకో హల్వర్, సిగ్గులేదూ!" అని నన్ను బండెక్కించింది.

అవును, నాకు భయమే. కొండ మీంచి దూకితే కింద మంచు ఉంటుంది, కాళ్ళకి నా చెక్క ఉంటుంది. విమానంలో కాళ్ళ కింద ఇంకొకళ్ళ చేతిపని ఉంటుంది. దాన్ని నమ్మడం నాకు చేతకాలేదు, అంతే. విమానమెక్కి కిటికీలోంచి చూస్తే ఇద్దరు కుర్రాళ్ళు మన పెట్టెని చెరో కొసా పట్టుకుని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టారు. ఓస్లో వాళ్ళే! వాళ్ళని ఏమన్నానో గుర్తొచ్చి తల వంచుకున్నాను. అప్పుడే విమానం గాల్లోకి లేచింది. ఇక తల ఎత్తలేదు.

ఇప్పుడు మీ ఊళ్ళో, సామాన్లు వచ్చే చోట బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. కాళ్ళూ చేతులూ ఇంకా వణుకుతున్నాయి, అందుకే ఈ వంకర అక్షరాలు. పసుపు చొక్కా తొడుక్కున్న ఒక పొడుగాటి కుర్రాడు మన పెట్టెని తన రెండు చేతుల మీదా అడ్డంగా మోసుకొచ్చి నా పాదాల దగ్గర దించాడు. పేరు అడగలేదు. అక్కర్లేకపోయింది. ఇద్దరం కలిసి తెరిచాం. స్కీల మీద ఒక్క గీత లేదు, వంపు నిక్షేపంలా ఉంది. బూటు మాత్రం నలిగి, ముందు భాగం పైకి తిరిగిపోయింది. తొడిగి చూశాను. కుడికాలు కుంటుతోంది.

ఈ ఉత్తరం వాడి చేతికే ఇచ్చి ముందు పంపుతున్నాను. వణుకు తగ్గగానే వెనకాలే వస్తాను. నిన్ను చూసి ఏడుస్తాను, ముందే చెబుతున్నాను. పాస్టర్‌కి నా పేరు చెప్పు. ఆ రోజు చర్చిలో అందరూ నా కుంటి నడక చూసి నవ్వుకుంటే నవ్వుకోనీ. నువ్వు మాత్రం నాతో సమానంగా మెల్లగా నడువు, నా తల్లీ.

నీ మామయ్య హల్వర్

తాజాకలం: పెళ్ళి భోజనాల దగ్గర ఇంకో కుర్చీ వేయించు. విమానం లేచేటప్పుడు భయంతో పక్క సీటు పెద్దమనిషి చెయ్యి పట్టుకున్నాను. చేపల పడవాయన, కొండంత మనిషి. నాకు వణుకు తగ్గుతోంది గానీ ఆయనకి తగ్గలేదు. ఇది ఒంటిచేత్తోనే రాశాను, రెండోది ఆయన ఇంకా వదల్లేదు.