చైతన్యపురి తూనీగలు

ప్రసాదూ, ఎట్లున్నవ్? నువ్వు పోయి నాలుగేండ్లు దాటింది. గిన్ని దినాలు ఒక్క ముక్క రాయలే. రాద్దామని కూసుంటే కాయితం చింపి పారేసేదాన్ని... ఏడుపుతోని కాదు, కోపంతోని.

చైతన్యపురిల మన నగల దుకాణం నడుస్తనే ఉంది. ఇప్పటికీ రావి ఆకు నానబెట్టి, మెత్తటిదంతా కుంచెతోని తోమేసి, మిగిలిన ఈనెలతోనే తూనీగ రెక్కలు చేస్త. తుమ్మకాయతోని ఒళ్లు, గడ్డిపోచలతోని కాళ్లు. కరెంటు పారేటట్టు నల్లపొడి పూసి, తీగె కట్టి, మైలుతుత్తం కలిపిన నీలినీళ్లల్ల ముంచితే రాగి పట్టుకుంటది. దాని మీద బంగారు పూత. పురుగులను మెడల ఎవలేసుకుంటరని మొదట్ల నవ్వేదాన్ని. "మా గుంటూరోళ్ళకి మిరపకాయలు తెలుసు, మీ నల్లగొండోళ్ళకి పురుగులు తెలుసు. అందుకే మనకి కుదిరింది" అనేటోడివి, యాద్ ఉందా?

నువ్వు పోయిన దినం తెలంగాణ కోసం బంద్. మెయిన్ రోడ్డు మీద బస్సు తగలబడుతుంది. హాస్టల్ పిల్లలు రాళ్లు, పోలీసోళ్లు గ్యాస్ గుండ్లు. కండ్లు మండి మనం సగం షటర్ దించుకున్నం. గంతల్నే పిల్లలు గల్లీలకు ఉరికొచ్చిండ్రు. ముగ్గురు మన దుకాణంలకు దూరిండ్రు. అండ్ల ఒక ఆడపిల్ల, అనిత. నెత్తి పలిగి నెత్తురు మొఖమంత కారుతుంది. నువ్వు షటర్ మొత్తం గుంజి తాళమేసినవ్. "ఎవరూ మాట్లాడొద్దు, నేనున్నా కదా" అన్నవ్.

పోలీసోళ్లు షటర్ మీద బూట్లతోని తన్నిండ్రు. రేకు సొట్ట పడ్డది. తాళం ఇరిగింది.

బల్ల మీద ఆరబెట్టిన తూనీగలన్ని కింద పడి, బూట్ల కింద కరకర నలిగినయ్. తొట్టి బోర్ల పడి నీలినీళ్లు నా కాళ్ల మీదికొచ్చినయ్. ఒకడు అనిత జుట్టు పట్టి గుంజిండు. "కొట్టొద్దు సార్" అనుకుంట నువ్వు అడ్డం పోయినవ్. లాఠీ నీ మోచేతి మీద పడ్డది... ఎముక ఇరిగిన సప్పుడు నా చెవులల్ల ఇంకా ఉంది.

నీ యాస విని వాడు ఆగిండు. ఏ ఊరని అడిగిండు. గుంటూరు అని ఒక్క మాట అంటే, ఆంధ్రోడివి, నీకు లొల్లితోని సంబంధం లేదని విడిచిపెట్టేటోడు ప్రసాదూ. ఎందుకనలే?

"మాది ఇదే ఊరు సార్. వీళ్ళు మా పిల్లలే" అన్నవ్.

ఇంకో దెబ్బ నీ నెత్తి మీద పడ్డది. నేను వాడి చెయ్యి కొరికిన. నెత్తురొచ్చేదాక ఇడవలే. వాడు మూతి మీద గుద్దితే నా పన్ను ఊడింది. ఏం లాభం... దవాఖానకు పోయేలోపల్నే నీ పాణం పోయింది.

ఆందోళనకారుల రాయి తగిలి సచ్చినవని పోలీసోళ్లు రాసుకున్నరు. ఉద్యమం పోరగాండ్లు దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తల నీ ఫొటోతోని అమరుడని ఫ్లెక్సీ కట్టిండ్రు. నీది ఏ జిల్లనో తెలిసినంక వాళ్లే కోసి మోరీల పడేసిండ్రు. మీ అన్నదమ్ములొచ్చి, ఎవల కోసం సచ్చిండో వాళ్లనే మోయమనుర్రి అన్నరు. పాడె ముట్టలే. నేనే కొరివి పెట్టిన.

దుకాణానికొచ్చి సుత్తె తీసుకున్న. మిగిలిన ఒక్కో పురుగును నుజ్జు నుజ్జు చేసిన. ఇవే కదా నిన్ను ఈ గల్లీల కూసోబెట్టినయ్ అనిపించింది. అనిత కట్టుకట్టిన నెత్తితోనే ఒచ్చి, సుత్తె కింద చెయ్యి పెట్టింది. దెబ్బ దాని వేలి మీద పడ్డది. అయినా తియ్యలే. గా పిల్ల అప్పటి సంది నన్ను ఇడిచిపెట్టలే. ఇప్పుడు చింతగింజలతోని పేడపురుగులు చేస్తది, నీకన్న నున్నగ.

తెలంగాణ ఒచ్చింది ప్రసాదూ. పటాకులు, గులాల్... ఫ్లెక్సీ కోసినోళ్లే శాలువా పట్టుకొని దుకాణానికొచ్చిండ్రు. అమరుని భార్యగా ఎల్బీనగర్ సభకు రమ్మన్నరు. శాలువా నడి గల్లీల ఇసిరికొట్టిన. తర్వాత నేనే పిలిచి చెప్పిన... ఒస్త, మైకుల ఆయన పేరుతోని ఊరు కూడ చెప్పాలె. సరే అన్నరు.

చెప్పలే. వట్టి పేరు చదివి ముందుకు పోయిండ్రు.

నేను మైకు గుంజుకున్న. "మా ఆయనది గుంటూరు జిల్ల. మీ పిల్లల ముంగట నిలబడి సచ్చిండు" అని గట్టిగ అన్న. ఎవడో ఇసిరిన నీళ్ల పాకెట్ నా చెంప మీద పలిగింది. స్టేజీ కింద అనిత ఒక్కతే లేచి సప్పట్లు కొట్టింది. దాని పక్కపొంటి ముసలామె ఒకామె లేచి సప్పట్లు కలిపింది. అంతే. ఇంకెవలు లేవలే.

ఏటా గా సభ పెడతరంట. ఏటా పోత. ఏటా మైకు గుంజుకుంట. రెండు జతల చేతులు ఎన్నయితయో చూస్త.

నీ
స్వరూప