ఆయన మంత్రిని నేను వదిలేసిన ఆట

ఆదివారం రాత్రి, భోపాలపట్నం

మలేరియా మెదడుకెక్కి జగదల్‌పూర్ ఆసుపత్రిలో పడి లేచి వచ్చాక, మా ఆయన ఈ రోజే మొదటిసారి చదరంగం బల్ల తీయమన్నారు. పెళ్లయినప్పటి నుంచి మేమిద్దరం ఆడుకుంటున్నదే. అయినా నాకు భయమేసింది. పొద్దున చిన్నమ్మాయి పేరు గుర్తురాక దాని ముఖంలోకి చూస్తూ ఉండిపోయిన మనిషి ఎలా ఆడతారు?

ఆట మధ్యలో ఆయన మంత్రి నా గుర్రానికి దొరికింది. చూడనట్టు బంటును జరిపాను. చివరికి ఆయనే గెలిచారు.

"మంచిగ ఆడినరు" అన్నాను.

ఆయన పావులన్నీ మొదటి గళ్లలో పేర్చి, ఇద్దరి ఎత్తులూ ఒక్కొక్కటే మళ్లీ వేసుకుంటూ వచ్చారు. ఒక్కటీ తప్పలేదు. సరిగ్గా నా గుర్రం దగ్గర చెయ్యి ఆపారు.

"ఈడ నా మంత్రిని ఎందుకు కొట్టలే?"

"నేను సూడలే."

"నువ్వు సూడకపోవుడేంది? నా మీద జాలి పడ్డవా?"

గట్టిగానే కోప్పడ్డారు. జ్వరం తర్వాత నన్నిలా కసురుకోవడం ఇదే మొదలు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మరపు పూర్తిగా పోతుందని డాక్టరు మాట ఇవ్వలేదు, ఆ దిగులు ఉండనే ఉంది. కానీ ఆట మీద ఆ చూపు మాత్రం ఆయనదే, పాతదే.

అక్కడి నుంచే మళ్లీ ఆడించారు. ఈసారి మంత్రిని కొట్టాను, ఆటా గెలిచాను.

"గిట్ల ఆడాలె" అన్నారు.

ఓడిపోయిన మనిషి, భోజనంలో ఇంకో రొట్టె అడిగి మరీ తిన్నారు.