ఒడ్డుకు లాగిన షాపు

బావా,

మన షాపు మనకే ఉండిపోయింది! ఇవాళ షట్టర్ ఎత్తేశాం. మొదటి బిర్యానీకి దమ్ము పెట్టి, చేతులైనా కడుక్కోకుండా నీకు రాస్తున్నాను.

నువ్వు పోయాక రుషికొండ రోడ్డులోని ఈ షాపును పెద్దకర్మ దాకా మూసేశాం. బిర్యానీ కంపెనీకి చెప్పాలని అక్కకీ తోచలేదు, నాకూ తోచలేదు. అలా చెప్పకుండా వరసగా అన్ని రోజులు మూసేస్తే షాపు వదిలేసి పోయినట్టేనని ఫ్రాంచైజీ అగ్రిమెంటులో ఉందట. నిన్న పొద్దున్నే కంపెనీ మేనేజరు బోర్డు పీకించడానికి వచ్చేశాడు.

వచ్చినవాడు ఫోనులో మన షాపు కెమెరా వీడియో చూపించి, "రోజూ షట్టర్‌కి నీళ్లు కొడుతున్న ఈవిడెవరు?" అన్నాడు.

చూస్తే మీ అమ్మ! మాకెవరికీ తెలీదు బావా. అంతలో ఆవిడే బిందెతో ఆటో దిగింది.

"ఏటత్తా, ఏటి సేత్తన్నావ్?" అన్నాను.

"ఒడ్డుకి లాగిన పడవకి నీళ్లు కొట్టకపోతే సెక్కలు నెర్రెలిచ్చెత్తాయి గదేటి! ఇదీ ఆడి పడవే గదా."

మేనేజరు ఆ వీడియో మళ్లీ మొదటినుంచీ చూశాడు. "మూశారు గానీ వదిలెయ్యలేదు" అని, అగ్రిమెంటు అక్క పేరుకు మారుస్తామన్నాడు. నడిరోడ్డు మీద గెంతులేశాను బావా!

ఇవాళ బిర్యానీ ఇంకా దమ్ములో ఉండగానే కౌంటర్ దగ్గర జనం మూగేశారు. ఆ జనంలోంచే అత్త ఖాళీ బిందె పట్టుకుని వచ్చింది.

"షాపు తెరిసేసాం గదత్తా, ఇంకా నీల్లెందుకు?" అన్నాను.

"తెరిసింది మీరు. ఆడింకా రాలేదు గదరా."

బిందె నేనే నింపి ఇచ్చాను.