ఐదో ఆకు

మహాలయ అమావాస్య, రాత్రి

పొద్దున పెద్దలకు అరిటాకులు వేస్తుంటే, చరిత్ర చదివే మనవరాలు గ్రీసు దేశం సంగతి చెప్పింది. పరాయి సైన్యం చంపినవాళ్ల పేర్లు అక్కడ రాళ్లమీద చెక్కారట. ఆ తర్వాత తమలో తామే చంపుకున్నవాళ్ల ఊసు ఏళ్ల తరబడి ఎవరూ ఎత్తలేదట. ఇప్పుడు చరిత్ర రాసేవాళ్లు ముసలివాళ్లను అడుగుతున్నారట.

"మనింట్లో పోయినోళ్లు నలుగురే కదవ్వా, ఐదో ఆకు ఎవురికి?"

"దోవన పోయేవాళ్లకు లే" అన్నాను.

"గ్రీసు ముసలోళ్లు కూడా ఇట్నే దాటేస్తారంట" అని నవ్వింది.

ఊరు రెండు పార్టీలైనప్పుడు, ఎదటి పార్టీలోకి పోయిన చిన్నాన్న దాక్కున్న గడ్డివామిని చూపించి చంపించింది మా నాయనే. ఆ ఆకు చిన్నాన్నది. చెబితే నాయన ఫోటోకు ఇంక దండ పడదు. చెప్పకుండా నేను పోతే ఐదో ఆకే పడదు. కనీసం చిన్నాన్న పేరైనా ఇక్కడ రాద్దామని కూర్చున్నాను. చిన్నాన్న అని మాత్రమే రాసి ఈ పుస్తకం మూసేస్తున్నాను.