విలన్‌కి నేను రాసిన చిన్నతనం

రాజోలు, 1978 డిసెంబరు. ఆదివారం రాత్రి.

మా క్రిస్మస్ నాటకం బాగా రక్తికట్టింది. పెళ్ళాన్ని కొట్టే కామందు స్టేజి మీదికి రాగానే ఏటా ఆడవాళ్ళు మెటికలు విరుస్తూ తిట్టేవారు. ఈసారి అతని చిన్నతనం మీద ఒక సీను రాసి కలిపాను. తండ్రి అతన్ని కొబ్బరిచెట్టుకి కట్టేసి కొడుతుంటే మంచినీళ్ళడుగుతాడు. అంతే, ఇవాళ ఒక్కరూ మెటికలు విరవలేదు. అందరూ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఆడి కోసం ఏడిపించేసేరండి టీచరుగారూ!" అంటుంటే పొంగిపోయాను.

నా పక్కన కూర్చున్న చెల్లెలు సుగుణ కూడా వెక్కివెక్కి ఏడ్చింది. మొగుడు చెయ్యి విరగ్గొడితే మొన్ననే మా ఇంటికి వచ్చేసింది. కట్టు ఇంకా విప్పలేదు.

ఇంటికి రాగానే పెట్టె సర్దుకుంటోంది. ఎక్కడికే అన్నాను.

"పొద్దుటి బస్సుకి ఆయన దగ్గరికెళ్ళిపోతానక్కా. ఆయన్నీ వాళ్ళ నాన్న అలాగే కొట్టేవోరంట. పాపం, ఆయనకి మాత్రం ఎవరున్నారు?"

అది నాటకమే పిచ్చిదానా అన్నాను. వినలేదు. ఒంటిచేత్తోనే చీరలు మడతపెట్టుకుని పడుకుంది.

ఆ కామందు పెళ్ళానికీ ఒక చిన్నతనం ఉంటుందని నాకు తోచనే లేదు. తెర వెనకనుంచి అరవడం తప్ప ఆమెకి ఒక్క మాటా రాయలేదు.