తలుపు దగ్గర పంటిగాట్లు

ప్రియమైన సొరంగాల ఇంజనీరు గారికి,

అక్కడ ఫోనుకు సిగ్నల్ అందదని ఉత్తరాలు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మన బుడంకాయ రెండేళ్లకే పేరు తెచ్చుకుంది. ఈ వారం డేకేర్‌లో ముగ్గురు పిల్లల్ని కొరికింది.

ఉంగరాల జుట్టు పిల్లాడి తల్లి వాడి భుజం మీది గాటు చూపించి, ఎవరి పళ్ళో ఏమో అని మర్యాదకు అంది. ఆ గాటులో ముందు పళ్ళ మధ్య సందు అచ్చం మీదే. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఊరందరి పళ్ళూ చూసే నేను ఇంట్లో పళ్ళ దగ్గర ఓడిపోయాను.

దవడ పళ్ళు వస్తున్నట్టున్నాయి, చిగుళ్ళ దురద అయ్యుంటుంది. చల్లటి రబ్బరు రింగు ఇచ్చి పంపుతున్నాను. ఇది నా వృత్తి, సలహాలివ్వకండి.

మీ పళ్ళ డాక్టరు

ప్రియమైన డాక్టరమ్మకి,

సలహా కాదు, మా పద్ధతి చెబుతున్నాను. సొరంగంలో నీరు కారితే ముందు కారణం వెతకం. ఎక్కడ, ఎన్నింటికి, ఎంత అని పుస్తకంలో రాస్తాం. టీచర్ని అలా రాయమను. నా సందుకు నా ముద్దులు.

నీ మట్టి మనిషి

ప్రియమైన మీకు,

రింగు పనిచేయలేదు. నోరు తెరిపించి చూస్తే ఆ దవడ పళ్ళు ఎప్పుడో వచ్చేసి ఉన్నాయి. సొంత కూతురి నోరు చూడకుండానే వైద్యం చేశాను.

పెద్ద టీచరు పిలిచి, "ఇంకొక్కసారి కొరికితే పంపొద్దండీ, మిగతా తల్లులకి నేను జవాబు చెప్పలేను" అంది. పంపకపోతే నేను క్లినిక్ మానాలి. రెండేళ్ల తర్వాత మళ్ళీ దొరికిన పని. భయంగా ఉంది.

మీరన్నట్టే రాయించాను. ప్రతిసారీ సాయంత్రమే, చెప్పుల స్టాండు దగ్గరే, ఇంటికి బయల్దేరే పిల్లల్నే. అదీ భుజం మీదే. కోపంగా కాదట, కొరికి నవ్వుతూ టాటా చెబుతుందట. నాకేం అర్థం కాలేదు.

మీ నేను

ప్రియమైన నీకు,

గోతులు తవ్వడం నా ఉద్యోగం. ఇంట్లో కూడా తవ్వానని నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

నేను బయల్దేరిన రోజు నువ్వు లోపల డబ్బా సర్దుతున్నావు. బుడంకాయ నా బూట్లు పట్టుకుని ఒకటే ఏడుపు. ఊరుకోబెట్టాలని భుజం మీద మెల్లగా కొరికి, "ఇది గుర్తు. గుర్తున్నవాళ్ళు తిరిగొస్తారు" అన్నాను. నన్నూ కొరకమన్నాను. పిచ్చితల్లి, వెళ్ళే ప్రతివాళ్ళూ తిరిగి రావాలని కొరుకుతోంది. తప్పు నాదేనని టీచరుకి చెప్పు. శనివారం వస్తున్నాను, సోమవారం డేకేర్‌కి నేనే తీసుకెళ్తాను.

నీ నేరస్తుడు

ప్రియమైన నేరస్తుడికి,

మీరొచ్చి వెళ్ళి మూడు వారాలు. ఒక్క గాటూ లేదు. డేకేర్ గుమ్మంలో అందరి ముందూ మీరు మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతిలో అరచెయ్యి నొక్కి "గుర్తు వేశాం" అని నేర్పిందే బుడంకాయ చేస్తోంది. ఇప్పుడు పిల్లలందరూ చెప్పుల స్టాండు దగ్గర వరుస కడుతున్నారు. ఇళ్ళకు ఆలస్యమవుతోందని తల్లుల కొత్త ఫిర్యాదు. పెద్ద టీచరు నవ్వి ఊరుకుంది. నా క్లినిక్ నాకు మిగిలింది.

ఒక్క మాట. మీరు బయల్దేరినప్పుడు అది బుద్ధిగా చెయ్యి నొక్కి టాటా చెప్పింది. కొరకాలనిపించింది నాకు. లోపల డబ్బా సర్దకుండా గుమ్మంలోనే ఉండి కూడా మొహమాటపడ్డాను. ఈసారి వచ్చినప్పుడు భుజం సిద్ధంగా ఉంచుకోండి. నా పళ్ళలో సందు కూడా లేదు, గుర్తు నిండుగా పడుతుంది.

ఎదురుచూస్తూ,
మీ పళ్ళ డాక్టరు