సర్వరులో నా పేరు

సిన్నాన్నకి,

నా పెళ్లయినప్పట్నుంచి నువ్వు నా ఫోను ఎత్తడం లేదు కాబట్టి, జయపురం బస్సు కండక్టరు సేత ఈ ఉత్తరం పంపిస్తన్నాను. ఇది గొడవకి కాదు, ఆఫీసు పని.

రాయగడ లేబులో నా కంప్యూటరుకి మొన్న కొత్త కెర్నెల్, అదే దాన్ని నడిపే అసలు సాఫ్ట్‌వేరు, వేసేరు. అప్పట్నుంచి, నువ్వు పెట్టిన సర్వరులో నేను దాసిన రిపోర్టులు నాకే తెరుసుకోడం లేదు. అనుమతి లేదంటంది. సర్వరుతో నా కంప్యూటరుకున్న లింకు, ఆ షేరు, ఇప్పేసి మళ్లీ తగిలించేను, లాభం లేకపోయింది. మిగతావాళ్లవి బాగానే ఉన్నాయి. కొల్నార ఊరి నుంచి వచ్చిన రోగులు రక్తపరీక్ష రిపోర్టుల కోసం బయట కూకున్నారు. ఆలకి ఏటి సెప్పమంటావు?

కారణమైతే దొరికింది. ఇదివరకు సర్వరు మమ్మల్ని నంబరుతో పోల్చుకునేది, ఈ కొత్త కెర్నెల్ వచ్చాక నన్ను పేరుతో పోల్చుకుంటంది. సర్వరులో నువ్వు మనింటి పేరు పొట్నూరు ముందెట్టి నా పేరు రాసేవు. పెళ్లయ్యాక నా కంప్యూటర్లో ఒడియావాళ్ల లెక్కన మా ఆయన ఇంటిపేరు సాహు అని సివర పెట్టేరు. రెండూ కలవక, నా ఫైళ్ల సొంతదారు ‘నోబడీ’ అని సూపిస్తంది. అంటే ఎవరూ కాదని.

ఆ సర్వరు పాస్‌వర్డు నీకే తెలుసు. సారు నీకు ఫోన్ సేస్తానంటే, మా సిన్నాన్నకి నేనే సెప్పుకుంటానన్నాను.

పొట్నూరే ఉంచుతావో, సాహు అని మారుస్తావో నీ ఇష్టం. ఇక్కడ నేను దానికి తగ్గట్టు మార్చుకుంటాను. ఎవరూ కాదని మాత్రం ఉంచకు సిన్నాన్నా.

నీ అమ్మి